జన్యు డేటా భద్రంగా పంచుకోవడం – 3వ పాఠం: పేరు తీసేస్తే చాలదు

పోయిన పాఠంలో రోగి వివరాలకీ జన్యు ఫైళ్లకీ వేర్వేరు పట్టికలు కట్టాం. ఇప్పుడు వాటిలో మనిషి జాడ చెరపాలి.

అమలాపురం, భీమవరం, కాకినాడల్లో మూడు ఆస్పత్రులు కలిసి తలసీమియా (వారసత్వంగా వచ్చే రక్తపు జబ్బు) డేటాబేస్ పెట్టుకుంటున్నాయి అనుకుందాం. ఒక వరస ఇలా ఉంది: ‘ఆడ, 19 ఏళ్లు, తలసీమియా మేజర్, ఊరు ఫలానా లంక’. పేరు లేదు, ఫోన్ లేదు. అయినా రేవులో పడవ నడిపే ఆయన్ని అడిగితే ‘ఫలానా వాళ్లమ్మాయి కదండీ’ అనేస్తాడు.

కాబట్టి ఊరు కాలమ్ కొట్టేయండి. పిన్‌కోడ్‌లో మొదటి మూడంకెలే ఉంచండి: 533, 534. వయసుని పదేళ్ల పట్టీల్లో పెట్టండి. తర్వాత పివట్ టేబుల్ (షీటులో గుంపులవారీగా లెక్క చూపే పట్టిక) వేసి, లింగం, వయసు, పిన్, జబ్బు కలిపి లెక్కపెట్టండి. ఏ గడిలోనైనా అయిదుగురికి తక్కువుంటే ఆ వరసలు బయటికి పోకూడదు.

ఫోన్ నంబరు హ్యాష్ చేసి (ఒక సూత్రంతో గజిబిజి అక్షరాలుగా మార్చి) రోగి కోడ్‌గా వాడే అలవాటు మానుకోండి. పదంకెల నంబర్లన్నీ హ్యాష్ చేసి పోల్చుకోవడం కంప్యూటర్‌కి పెద్ద పనేం కాదు. ర్యాండమ్ కోడ్ ఇవ్వండి. ఏ కోడ్ ఎవరిదో చెప్పే జాబితా రోగి చేరిన ఆస్పత్రి గడప దాటకూడదు.

తేదీల్ని ఒక్కో రోగికి ఒక్కో లెక్కన జరిపితే విజిట్ల మధ్య ఎడం చెడదు. వరదల తర్వాత జ్వరాల మీద పరిశోధనైతే మాత్రం ఇది పనికిరాదు, ఆగస్టు కాస్తా మే అయి కూర్చుంటుంది. అక్కడ నెల ఉంచి రోజు తీసేయండి.

అసలు చిక్కంతా జన్యు ఫైలుతోనే. ఫారంలో ‘మేనరికమా?’ అన్న గడి తీసేసి నిశ్చింతగా ఉంటాం. కానీ తల్లిదండ్రులు మేనమామ, మేనకోడలు అయితే బిడ్డ జీనోమ్‌లో (మొత్తం జన్యు సమాచారంలో) సగటున 12.5 శాతం, బావామరదళ్లయితే 6.25 శాతం భాగంలో తల్లి ఇచ్చిందీ తండ్రి ఇచ్చిందీ రెండు ప్రతులూ ఒకే పూర్వీకుల నుంచి వచ్చి అచ్చు ఒకేలా ఉంటాయి. చదవడం వచ్చినవాడికి ఫైలే చుట్టరికం చెప్పేస్తుంది. పైగా అందులో సమ్మతి పత్రం మీద సంతకం పెట్టని అన్నదమ్ముల గుట్టూ కొంత ఉంటుంది.

ఒక్కొక్కరి ఫైలు కాదు, గుంపు మొత్తం మీద కట్టిన లెక్కలే ఇస్తాం, ఏమవుతుందిలే అంటారా? ఒకరి జన్యు వివరాలు చేతిలో ఉంటే, ఎందరివో డీఎన్ఏలు కలిసిన మిశ్రమంలో వారి వాటా 0.1 శాతం లోపున్నా పట్టుకోవచ్చని 2008లో హోమర్ బృందం చూపింది. గుంపు లెక్కల పట్టికలకీ ఇదే చిక్కు. దాంతో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ అలాంటి పట్టికల్ని అందరికీ అందకుండా తీసేసింది. 2018లో సడలించినా, సున్నితమైన సమూహాల లెక్కలకి అనుమతి తప్పనిసరి. మన లంకల డేటాని ఆ కోవలోనే ఉంచాలంటాను.

అందుకే జన్యు ఫైలు డౌన్‌లోడ్‌కి ఇవ్వొద్దు. పరిశోధకులే సర్వర్‌లోకి వచ్చి లెక్క వేసుకుని, తనిఖీ అయ్యాక ఫలితం పట్టుకెళ్లాలి. ఆ అనుమతులు, లాగ్‌లు (ఎవరు ఎప్పుడు ఏం చేశారో రాసే చిట్టాలు) వచ్చే పాఠంలో.

ఇంటిపని: 200 వరసల ఉత్తుత్తి డేటా తయారుచేసి, అయిదుకి తక్కువున్న గడులు ఎన్నో చూడండి. నిజం రోగుల షీటు మీద మాత్రం సాధన చెయ్యకండి.