గుంపుల బారిన పడే కుర్రాళ్ల కోసం పేటలోనే డబ్బు కూడగట్టాలంటే

చదువు మానేసిన కుర్రాళ్లు చీకటి పడ్డాక ఎవరి వెంట తిరుగుతున్నారో కడప జిల్లాలో ఏ పేటకైనా ఆ పేటవాళ్లకే బాగా తెలుసు. వాళ్లను అక్రమ పనులకు వాడుకునే గుంపుల నుంచి తప్పించేందుకు పేటలో సాయంత్రం కేంద్రం నడపడానికి డబ్బు సేకరించేటప్పుడు, అది ఎవరి చేతి నుంచి వస్తోందో ముందు చూసుకోవాలి. పార్టీ నాయకుడో, పాత కక్షలున్న కుటుంబమో మొదటి లక్ష ఇస్తే ఫ్లెక్సీ మీద వాళ్ల ఫొటో పడుతుంది. మరుసటి రోజు నుంచి ఎదుటి వర్గం పిల్లలు గడప తొక్కరు. వచ్చే పిల్లలేమో ఎన్నికల నాటికి ఆ డబ్బిచ్చినవాళ్ల మనుషులైపోతారు. అందుకే ఏ కుటుంబం ఇచ్చేదీ ఏడాది ఖర్చులో పదో వంతు దాటకూడదని మొదటి సమావేశంలోనే తీర్మానం రాసుకోండి.

25 మంది పిల్లలకు నెల లెక్క ఇలా వేసుకోవచ్చు. రోజూ సాయంత్రం 6 నుంచి 9 దాకా వాళ్లతో ఉండి, పగలు ఇళ్లకు తిరిగే కార్యకర్తకు 18,000. గది అద్దె 5,000. మనిషికి 10 రూపాయల చొప్పున 26 రోజుల చిరుతిండికి 6,500. ఆట సామాన్లకు 1,000. అత్యవసరానికి 4,500: సార్వత్రిక విద్యాపీఠం (ఓపెన్ స్కూల్) పరీక్ష ఫీజు, మైనర్ల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డుకు వెళ్లే బస్సు చార్జీలు, ఆస్పత్రి ఖర్చు ఇందులోంచే. మొత్తం 35,000, ఏడాదికి 4,20,000. చాలామంది కార్యకర్త జీతం తగ్గించి క్రికెట్ టోర్నీకి పెడతారు. టోర్నీ మూడు రోజుల ముచ్చట. కుర్రాడు రాత్రి ఫోన్ చేస్తే ఎత్తే మనిషి ఏడాదంతా కావాలి.

150 ఇళ్లు నెలకు వంద చొప్పున ఇస్తే ఏడాదికి 1,80,000 పేటలోనే వస్తుంది. మిగతా 2,40,000 దుకాణాలు, కంపెనీల నుంచి తేవాలి. మూడు నెలల ఖర్చు, అంటే 1,05,000, బ్యాంకులో పడేదాకా తలుపులు తెరవకండి. నడుమ మూతపడితే ఆ పిల్లలు ఇంకెవర్నీ నమ్మరు.

సంఘం రిజిస్ట్రేషన్‌కు 2001 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం కనీసం ఏడుగురు ఉండాలి. ఏడుగురూ ఒకే వర్గం వాళ్లు కాకుండా చూసుకోండి. ఖాతా మీద రెండు సంతకాలు, ప్రతి వందకూ రసీదు. నగదు ఒక్కరి జేబులో ఉంటే ఆరు నెలల్లో పంచాయితీ తప్పదు.

యర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు సిమెంటు ఫ్యాక్టరీలను అడిగేటప్పుడు ఒక మెలిక గుర్తుంచుకోండి. సీఎస్ఆర్ డబ్బు, అంటే కంపెనీలు సామాజిక పనులకు కేటాయించేది, తీసుకోవాలంటే సంఘానికి ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ, 80జీ నమోదు, కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 నమోదుతో పాటు మూడేళ్ల పని అనుభవం చూపించాలి. కొత్త సంఘానికి నేరుగా రాదు. అనుభవమున్న సంస్థతో రాతపూర్వక ఒప్పందం చేసుకోండి, లేదా ఆట సామాన్లు, గది మరమ్మతు కంపెనీనే సొంతంగా చేయించమనండి.

పిల్లల్ని అక్రమ పనులకు వాడుకునే పెద్దలకు జువెనైల్ జస్టిస్ చట్టం 83వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా కఠిన జైలు, 5 లక్షల జరిమానా ఉన్నాయి. గుంపు వదిలిన పిల్లవాడికి బెదిరింపులు వస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ఊరు మార్చాల్సి వస్తే అత్యవసర నిధి అప్పుడే అక్కరకొస్తుంది.

దాతలు పిల్లల ఫొటోలు అడుగుతారు, ఇవ్వకండి. కేసుల్లో ఉన్న మైనర్ల గుర్తింపు బయటపెట్టడం అదే చట్టం 74వ సెక్షన్ కింద నేరం, పైగా ఆ ఫొటో ముందుగా పాత గుంపు ఫోన్లలోకి చేరుతుంది. హాజరు ఎంత, ఎంతమంది పరీక్షకు కట్టారు, ఎంతమంది మధ్యలో మానేశారు అన్న అంకెలు మూడు నెలలకోసారి పంపండి. మానేసినవాళ్ల అంకె దాచొద్దు. ఫొటో తప్పదంటే ఖాళీ గది, క్యారమ్ బోర్డు తీసి పంపండి.