మాస్కు మీద రాగి జాలీ ఎలా కుట్టాలి

శ్రీకాకుళంలో నా టైలరింగ్ షాపుకి మొన్న ఒకాయన మోటారు వైండింగ్ తీగ చుట్ట పట్టుకొచ్చి, "దీంతో రాగి మాస్కు కుట్టమ్మా" అన్నాడు. కరోనా రోజుల్లో నేనూ ఆ తప్పే చేశాను. ఆ తీగ నిగనిగలాడుతుంది గానీ ఒంటినిండా వార్నిష్ ఉంటుంది. రాగి నేరుగా తగిలితేనే క్రిమి చస్తుంది. మరోసారి, రాగితో చేసే నీలం ఉప్పే కదా అని, గుడ్డని మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నీళ్లలో ముంచి చూశాను. అరగంటకే మూతి చుట్టూ మంట. అది విషం, ముఖం దగ్గరికి రానివ్వకండి.

కావాల్సింది పూత లేని, గుడ్డలా వంగే సన్నని రాగి జాలీ. పాత కత్తెరతో కత్తిరించండి, మంచిదైతే పదును పోతుంది. ముక్కని తెల్లకాగితం మీద గట్టిగా దులిపితే వెంట్రుకల్లాంటి తీగముక్కలు రాలతాయి. ఇవి ముక్కులోకి పోకూడదు కాబట్టి, రాలడం ఆగేదాకా దులపాలి. తర్వాత నాలుగు అంచులూ పైపింగ్ గుడ్డలో మూసేసి, చేత్తోనే కుట్టండి. మిషన్ మీద నాకు రెండు సూదులు విరిగాయి.

లోపలి పొరకి మెత్తని నూలుగుడ్డ. నా దగ్గర పొందూరు ఖాదీ ముక్కలు మిగిలితే అవే వేస్తాను. మధ్యలో పెళ్లి తాంబూలం సంచులకి వాడే నాన్-వోవెన్ గుడ్డ, అచ్చు లేని కొత్తది. అన్నిటికీ పైన జాలీ. దాని కన్నాల్లోంచి వైరస్ హాయిగా దూరిపోతుంది, వడపోత పని గుడ్డలదే. ముక్కు దగ్గర సందు ఉంటే అదీ దండగే. మాస్కు పైన పడ్డ తుంపర్ల సంగతే రాగి చూస్తుంది, మన చెయ్యి ఎక్కువగా తగిలేదీ అక్కడే. అదీ వెంటనే కాదు. 2020లో చేసిన పరీక్షలో రాగి మీద 4 గంటల తర్వాత బతికున్న కరోనా వైరస్ దొరకలేదు. ప్లాస్టిక్ మీద 72 గంటల దాకా దొరికింది. కాబట్టి మాస్కు తీశాక చేతులు కడుక్కోవాల్సిందే.

సబ్బునీళ్లలో మెల్లగా పిండకుండా జాడించి ఆరేయండి. బ్లీచింగ్ వద్దు. జాలీ గోధుమరంగుకి తిరిగినా పనిచేస్తుంది, జిడ్డు పట్టితేనే చేయదు. పచ్చగా చిలుం పడితే మాత్రం రాగిచెంబుకి చేసినట్టే చింతపండుతో తోమి, పులుపు పోయేదాకా కడగండి.

పలాసలో జీడిపిక్కలు కాల్చే చోట పనిచేసే మా అప్ప (అక్క) తనకీ ఒకటి కావాలంది. ఆ పొగ రాగిని చూసి ఆగదు అప్పా, దానికి వేరే మాస్కు ఉంటుంది అని చెప్పి, కుట్టివ్వలేదు.