గుంజకండి: న్యూజెర్సీ తీరంలో నవంబరు స్ట్రైపర్ వేటకు పడవలో ఎలా వెళ్లాలి?

అక్టోబరు నెలాఖరు వచ్చిందంటే ఎడిసన్ చుట్టుపక్కల మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే రకం ఫొటో తిరుగుతుంది. ఎవరో ఒకాయన మూడడుగుల చారల చేపను చంటిపిల్లాడిలా ఎత్తుకుని నవ్వుతుంటాడు. అది చూసి మరుసటి శనివారమే ఇంకో పదిమంది బయల్దేరతారు. సాయంత్రానికి చలికి నీలుక్కుపోయి, ఖాళీ కూలర్లతో వచ్చి, "ఈసారి చేపల్లేవండీ" అంటారు. చేపలుంటాయి. వీళ్ల గాలం దాకా వస్తాయి కూడా. గుంజి పోగొట్టుకుంటారు. ఏటా అదే పడవలో పక్కన నిలబడి ఈ తమాషా చూసీ చూసీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

స్ట్రైప్డ్ బాస్‌ను ఇక్కడ అందరూ స్ట్రైపర్ అంటారు. మన పండుగప్పకు దూరపు చుట్టంలా ఉంటుంది, ఒంటి పొడుగునా ఏడెనిమిది నల్లచారలు. చెసపీక్ బే, హడ్సన్, డెలావేర్ నదుల్లో పుడుతుంది. పెద్దవి వేసవిలో మసాచుసెట్స్, మెయిన్ దాకా పోయి, చలి ముదిరే కొద్దీ తీరం వెంబడే దక్షిణానికి దిగుతాయి. దారిలో బంకర్ అనే ఎర చేపల గుంపులను తింటూ వస్తాయి. శాండీ హుక్ నుంచి బార్నెగాట్ దాకా ఆ ఊరేగింపు మన గుమ్మం ముందునుంచే పోతుంది. థాంక్స్‌గివింగ్‌కు ముందు రెండు వారాలే అసలు సీజన్. డిసెంబరులోనూ పడతాయి అనేవాళ్లుంటారు. వాళ్లను డిసెంబరులో వెళ్లనివ్వండి.

1. పడవ

మూడు దారులు. పార్టీ బోటు అంటే షేర్ ఆటో: టికెట్ కొనుక్కుని ముప్ఫై నలభైమందితో ఎక్కడం. చార్టర్ అంటే ఐదారుగురు కలిసి పడవనూ కెప్టెన్‌నూ మొత్తంగా మాట్లాడుకోవడం. మూడోది సొంత పడవున్న స్నేహితుడు. మొదటిసారైతే పార్టీ బోటే ఎక్కండి. బెల్మార్, పాయింట్ ప్లెజెంట్, అట్లాంటిక్ హైలాండ్స్‌లో దొరుకుతాయి. స్నేహితుడి పడవైతే ముందురోజే రాష్ట్రం వాళ్ల సాల్ట్‌వాటర్ రిజిస్ట్రీలో పేరు నమోదు చేసుకోండి, ఉచితమే. పార్టీ బోటు, చార్టర్ ప్రయాణికులకు ఆ బాధ లేదు.

చోటు పడవ వెనక భాగంలో పట్టుకోండి. దానికోసం గంట ముందే రేవుకు చేరాలి.

2. సామాను

ఏడడుగుల రాడ్, క్లిక్కర్ (లైన్ పోతుంటే టకటకమని చప్పుడు చేసేది) ఉన్న కన్వెన్షనల్ రీల్, 40 పౌన్ల అల్లిక లైన్, చివర నాలుగడుగుల 50 పౌన్ల ఫ్లోరోకార్బన్, 8/0 సర్కిల్ హుక్. అంతే. పార్టీ బోటులో రాడ్ అద్దెకిస్తారు. షాపువాడు చూపించే మిగతా రంగురంగుల సరుకంతా పట్టేది చేపల్ని కాదు, మిమ్మల్ని.

జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. లోపల ఉన్ని, పైన వర్షానికి ఆగే కోటు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. చిన్న పడవైతే లైఫ్ జాకెట్ ఒంటిమీదే ఉండాలి, సీటు కింద కాదు. ఆ చన్నీళ్లలో పడితే ఈత రావడం పెద్దగా అక్కరకు రాదు. కళ్లు తిరిగేవాళ్లు మాత్ర బయల్దేరడానికి గంట ముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక కాదు. తిండికి పులిహోర మంచిది. అరటిపండ్లు మాత్రం తేకండి. పడవలో అరటిపండు ఉంటే చేప పడదని ఇక్కడి కెప్టెన్ల నమ్మకం. నవ్వుకున్నా పరవాలేదు గానీ, సంచిలోంచి అరటిపండు బయటికి తీసినవాణ్ణి డెక్ మొత్తం చూసే చూపు నేను భరించలేను.

3. రోజు

ఎండ చూసి కాదు, గాలి చూసి వెళ్లాలి. జెర్సీ తీరం తూర్పుకు తిరిగి ఉంటుంది కాబట్టి పడమటి గాలి ఒడ్డు నుంచి సముద్రం మీదికి వీస్తుంది, ఒడ్డు దగ్గర నీళ్లు చదునుగా ఉంటాయి. తూర్పు, ఈశాన్య గాలి అయితే ఇంట్లో పడుకోండి. సొంత పడవవాళ్లు ఇంకోటి చూడాలి: ఆటు నీరు ఇన్‌లెట్‌లోంచి, అంటే పడవలు సముద్రంలోకి దాటే ఇరుకు దారిలోంచి, బయటికి పరుగెత్తే వేళ ఎదురుగా అలలొస్తుంటే నోటి దగ్గరే గోడల్లా లేస్తాయి. మనాస్క్వాన్‌లో, బార్నెగాట్‌లో ఇది ఆటలు కాదు. నీరు తిరిగేదాకా ఆగి దాటండి. చేప ఎక్కడికీ పోదు.

4. చేపను వెతకడం

గానెట్ పక్షుల కోసం చూడండి. తెల్లటి ఒళ్లు, రెక్కల చివర్లు నలుపు. ఎత్తునుంచి రెక్కలు ముడిచి బాణంలా నీళ్లలోకి దూకుతున్నాయంటే కింద బంకర్ ఉన్నట్టే. హంప్‌బ్యాక్ తిమింగలం లేస్తే ఇంకా గట్టి సాక్ష్యం, కానీ దాని దరికి పోకండి, అది కూడా అదే గుంపు కోసం నోరు తెరిచి పైకొస్తుంది.

ఇక్కడ చిన్న పడవలవాళ్లు చేసే పాపం ఒకటుంది. పక్షుల్ని చూడగానే ఫుల్ స్పీడులో గుంపు నడిబొడ్డులోకి దూసుకెళ్తారు. బంకర్ చెదిరిపోతుంది, దాని వెంట స్ట్రైపర్ కూడా. గుంపుకు గాలి వచ్చే వైపు దూరంగా ఆగి, ఇంజన్ ఆపేసి, పడవ తనంతట తానే కొట్టుకొచ్చేలా చూసుకోవాలి.

ఒడ్డు నుంచి మూడు మైళ్లు దాటొద్దు. ఆ గీత అవతలి ఫెడరల్ జలాల్లో 1990 నుంచి స్ట్రైపర్ వేట నిషేధం. జీపీఎస్‌లో గీత కనపడుతుంది, చూడలేదనే సాకు చెల్లదు.

గుంపు దొరికాక సీసం పోసిన మూడు కొక్కేల గాలాన్ని దానిలోకి విసిరి లాగితే బంకర్ ఒంటికి తగులుకుని వస్తుంది. గుండ్రటి నీళ్ల తొట్టెలో నాలుగైదు వేసుకోండి, ఎక్కువ కుక్కితే చచ్చిపోతాయి. పూర్వం ఆ కొక్కేలతోనే బంకర్‌ను అక్కడే కిందికి వదిలేసి స్ట్రైపర్ మింగేదాకా ఆగేవాళ్లు. ఇప్పుడు కుదరదు. ఎర కట్టి స్ట్రైపర్ పట్టాలంటే 2021 నుంచి సర్కిల్ హుక్ తప్పనిసరి. బంకర్‌ను తీసి, ముక్కు రంధ్రాల గుండా సర్కిల్ హుక్ గుచ్చి, మళ్లీ వదలాలి.

5. గుంజకుండా ఉండడం

ఇప్పుడు అసలు సంగతి. ఇంతవరకూ చెప్పినదాంట్లో ఏది తప్పినా ఎలాగోలా సర్దుకోవచ్చు. ఇది తప్పితే రోజంతా వృథా.

మనలో చాలామంది చేపలు పట్టడం కాలవగట్టు మీద నేర్చుకున్నవాళ్లం. వెదురుకర్ర, నెమలి ఈక బెండు, వానపాము. బెండు మునగ్గానే చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. ఆ హుక్ మొన నేరుగా ఉంటుంది కాబట్టి గుంజితేనే దిగుతుంది. సర్కిల్ హుక్ అలా కాదు. దాని మొన వంపు తిరిగి తన కాడ వైపే చూస్తుంటుంది. చేప మింగిన వెంటనే గుంజారనుకోండి, దేనికీ గుచ్చుకోకుండా గొంతులోంచి నున్నగా జారి, ఎరతో సహా బయటికొచ్చేస్తుంది. అదే చేప ఎర నోట కరుచుకుని పక్కకు తిరిగి వెళ్తుంటే, లైన్ నిదానంగా బిగిస్తే, హుక్ లోపల్నుంచి జారుతూ వచ్చి పెదవి మూల దగ్గర పల్టీ కొట్టి అక్కడ దిగుతుంది. ఆ పని చేసేది చేప ప్రయాణం, మీ మోచెయ్యి కాదు.

భీమవరం దగ్గర కాలవల్లో కొరమీనులు పట్టిన మా బావమరిది మొదటిసారి వచ్చినప్పుడు వరసగా నాలుగు పోగొట్టాడు. ఐదోది తగలగానే నేను వాడి భుజం నొక్కి పట్టుకున్నాను.

"చేప లాక్కుపోతుంటే చూస్తూ కూర్చోమంటావా బావా?"

"కూర్చోరా. రీల్ మాత్రం తిప్పు."

తిప్పాడు. ముప్ఫై అంగుళాలది వచ్చింది. ఇప్పుడు వాడే అందరికీ చెబుతున్నాడు, అది వేరే కథ.

వరస ఇదీ. బంకర్‌ను వదిలాక రీల్ ఫ్రీ స్పూల్‌లో (లైన్ అడ్డు లేకుండా పోయేలా) ఉంచి, క్లిక్కర్ వేసి, బొటనవేలు స్పూల్ మీద ఆనీ ఆననట్టు పెట్టండి. మామూలుగా ఈదే బంకర్ లైన్ మీద ఒక మెత్తటి టక్ టక్ పంపిస్తుంది. స్ట్రైపర్ దగ్గరికొచ్చిందంటే ఆ తాళం మారిపోతుంది. బంకర్ వణుకుతుంది, వైబ్రేషన్‌లో పెట్టిన ఫోన్ వేలికింద ఉన్నట్టు. ఒక్కోసారి నీటి పైకి లేచి గింజుకుంటుంది. ఇక్కడే సగంమంది రాడ్ ఎత్తేస్తారు. ఇంకా ఏమీ జరగలేదు, భయపడింది అంతే. చేతులు కట్టేసుకోండి.

తర్వాత ఒక్క దెబ్బ తగులుతుంది, లైన్ ఆగీ ఆగకుండా పోవడం మొదలవుతుంది. దెబ్బ పడ్డ క్షణంలో బంకర్ ఇంకా పూర్తిగా నోట్లోకి వెళ్లి ఉండదు. లైన్ ఒకే వేగంతో, ఒకే దిక్కుకు పోతోందా అన్నది చూడాలి. పోతుంటే ఐదు అంకెలు లెక్కపెట్టండి. మూడు కాదు, పది కాదు. మూడైతే తొందర. పదికి పోతే సర్కిల్ హుక్ కూడా కడుపులోకి దిగే ప్రమాదముంది, అప్పుడు వదిలేసినా చేప బతకదు. మా పడవలో ఒకాయన ఐదు బదులు "శ్రీరామ రామ రామేతి" శ్లోకం ఒకసారి చదువుతానంటాడు. అది మరీ ఎక్కువసేపు. ఐదు అంకెలే.

ఐదు అయ్యాక రాడ్ కొనను నీళ్ల వైపు, చేప పోతున్న దిక్కుకు దించండి. అవును, దించండి. బొటనవేలు తీసి గేర్ వేయండి. ఇక రీల్ తిప్పడమే, నిదానంగా, ఆపకుండా. లైన్ బిగుసుకుంటుంది, రాడ్ దానంతటదే వంగుతుంది, డ్రాగ్ (చేప గట్టిగా లాగితే లైన్ కాస్త కాస్త వదిలే రీల్ బ్రేకు) అరవడం మొదలవుతుంది. రాడ్ పూర్తిగా వంగాకే కొన పైకెత్తాలి, అదీ బిందె ఎత్తినట్టు, దోమను కొట్టినట్టు కాదు. పక్కన ఎవరో "హిట్ ఇట్! హిట్ ఇట్!" అని అరుస్తారు. వాళ్లు టీవీలో చూసి నేర్చుకున్నారు. వినకండి.

డ్రాగ్ ముందే సరిచేసుకోవాలి. 40 పౌన్ల లైన్‌కు పది పౌన్ల దగ్గర పెట్టండి, చేప లాగుతుండగా దాన్ని తిప్పుతూ కూర్చోవద్దు.

ట్రోలింగ్ చేసుకోవచ్చు కదా అంటారు. పెద్ద రేకు స్పూన్లు కట్టి, పడవ నడుపుతూ లాక్కెళ్లడం. పడతాయి, కాదనను. కానీ చేపను పట్టేది ఇంజన్, ఫొటో దిగేది మీరు. ఆ వణుకు వేలికి తెలియకపోతే ఇంత చలిలో తెల్లవారుజామున నాలుగింటికి లేవడం దేనికి?

6. పైకి తెచ్చాక

వల వాడండి. గాఫ్ కొక్కెంతో పొడవడం స్ట్రైపర్ విషయంలో నిషేధం. చేప పళ్లు గరుకు కాగితంలా ఉంటాయి, కింది పెదవిని బొటనవేలితో పట్టుకోవచ్చు. బ్లూఫిష్ పడితే మాత్రం ఆ పని చేయకండి, వేలు ఉండదు. స్ట్రైపర్ వీపు ముళ్లు, మొప్పల అంచు కూడా కోస్తాయి.

నోరు మూసి, తోక రెండు కొసలూ దగ్గరికి నొక్కి కొలవండి. ఒక మనిషికి రోజుకు ఒక్కటి, 28 అంగుళాలకు తగ్గకుండా, 31 దాటకుండా. 31 గరిష్ఠ హద్దు 2023లో వచ్చింది. రూల్ మారుతుంటుంది కాబట్టి బయల్దేరే వారంలో రాష్ట్ర వెబ్‌సైట్ చూసుకోండి. ఇంత పెద్ద చేపను వదిలేయాలా అని గొణిగేవాళ్లకు ఒక మాట: గుడ్లు లక్షల్లో పెట్టేది ఆ పెద్ద ఆడచేపలే. 1980ల్లో ఈ జాతి ఎంత చిక్కిపోయిందంటే మేరీల్యాండ్ 1985 నుంచి ఐదేళ్లు వేటే ఆపేసింది. ఇప్పుడు మళ్లీ చెసపీక్‌లో 2019 నుంచి పిల్లలు సరిగా పుట్టడం లేదు.

వదిలేదాన్ని పెదవి పట్టుకుని నిలువునా వేలాడదీయకండి. తడిచేతులు, ఒకటి పెదవి దగ్గర, ఇంకోటి పొట్ట కింద. ఒక్క ఫొటో. నీళ్లలో పొట్ట కిందికి ఉండేలా పట్టుకుంటే అదే తోక విసురుకుని పోతుంది.

7. ఇంటికి

ఉంచుకున్నదాన్ని వెంటనే మొప్పలు కోసి రక్తం కార్చి, ఐసులో పాతిపెట్టండి. సొంత పడవలో ముక్కలు కోయడం ఒడ్డుకు చేరాకే. అమ్మే ఆలోచన పెట్టుకోవద్దు, న్యూజెర్సీలో స్ట్రైపర్ అమ్మడం నేరం. చేప ఒంట్లో చేరే పీసీబీలనే పారిశ్రామిక రసాయనాల వల్ల ఈ చేప ఎవరు ఎంత తినాలో రాష్ట్రం సలహా ఇస్తుంది, గర్భిణులూ చిన్నపిల్లలూ ఉన్న ఇల్లయితే అది చదివాకే పొయ్యి వెలిగించండి.

చర్మం కింద ఉండే ఎర్రటి కండ మొత్తం గీసి పారేయండి, నీచు వాసన దానిదే. నడుం ముక్కలు వేపుడుకు, తల పులుసుకు. చింతపండు కాస్త ఎక్కువ పడాలి, మెంతిపిండి చిటికెడు, పొయ్యి మీద ఉన్నంతసేపూ గరిట పెట్టకూడదు, గిన్నె పట్టుకుని తిప్పాలి. రీల్ మీద మంచినీళ్లు చల్లి ఆరబెట్టడం ఆ రాత్రే చేయండి, పొద్దున్నే అనుకుంటే ఉప్పు పట్టేస్తుంది. చేప చెత్త రెండు కవర్లలో కట్టి ఫ్రీజర్‌లో పెట్టి, చెత్తబండి వచ్చే పొద్దునే బయట పెట్టండి. మొదటేడు నేను రాత్రే పెట్టాను. తెల్లారేసరికి రకూన్లు పొట్టు, పేగులు మా వాకిలినుంచి ఎదురింటి వాకిలిదాకా పరిచేశాయి.