డయోల్ డీహైడ్రోజినేజ్ పరీక్షలో రీడింగ్ సరిగ్గా రాకపోతే

టోలీన్ అనే ద్రావకాన్ని ఆహారంగా వాడుకునే సూడోమోనాస్ పుటిడా ఎఫ్1 అనే బ్యాక్టీరియాలో మొదట డైఆక్సిజినేజ్ అనే ఎంజైమ్ ఆ అణువుకు ఆక్సిజన్ జోడించి సిస్-డైహైడ్రోడయోల్‌ను (ఇక్కడ క్లుప్తంగా డయోల్) తయారు చేస్తుంది. తర్వాత డీహైడ్రోజినేజ్ అందులోంచి రెండు హైడ్రోజన్లు తీసి 3-మిథైల్‌కాటెకాల్‌గా మారుస్తుంది. ఆ పనిలో ఎన్‌ఏడీ అనే సహాయక అణువు ఆ హైడ్రోజన్‌ను అందుకుని ఎన్‌ఏడీహెచ్ అవుతుంది. 340 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర కాంతి ఎంత శోషించబడిందో చూసి మనం కొలిచేది దాన్నే. ఒక సెంటీమీటరు క్యూవెట్‌లో (కాంతి దాటే చిన్న పారదర్శక పాత్రలో) ఆ శోషణ 0.1 పెరిగితే సుమారు 16 మైక్రోమోలార్ ఎన్‌ఏడీహెచ్ తయారైనట్టు.

సమస్య: శోషణను చూపే గీత అసలు కదలడం లేదు.
ఎంజైమ్ చచ్చిపోయిందని అప్పుడే తేల్చేయకండి. ముందు డయోల్‌ను అనుమానించండి. ఆమ్లం తగిలితే అది నీటి అణువును కోల్పోయి క్రెసాల్ అవుతుంది. క్రెసాల్‌తో ఈ ఎంజైమ్‌కు పని లేదు. పలుచని పొర క్రొమటోగ్రఫీలో చూడండి. క్రెసాల్ మచ్చ డయోల్ కంటే చాలా పైకి పాకుతుంది. పాడైందని తేలితే కొత్త డయోల్‌ను కొద్దిగా క్షార బఫర్‌లో (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణంలో) కరిగించి, చల్లగా ఉంచి వాడండి. ఎన్‌ఏడీకి బదులు పొరపాటున ఎన్‌ఏడీహెచ్ సీసా తీశారేమో కూడా చూడండి. అలా జరిగితే మొదటి రీడింగే చాలా ఎక్కువగా ఉంటుంది.

సమస్య: గీత పెరిగి మళ్లీ పడిపోతోంది, లేదా ద్రావణం పసుపు, గోధుమ రంగులకు మారుతోంది.
పడిపోతే, కణపొర ముక్కల్లోని ఎన్‌ఏడీహెచ్ ఆక్సిడేజ్ మన ఎన్‌ఏడీహెచ్‌ను తినేస్తోంది. పసుపు వస్తే, తర్వాతి ఎంజైమ్ కాటెకాల్ వలయాన్ని తెంచుతోంది. ఆ పదార్థం 388 దగ్గర గట్టిగా కాంతిని పీలుస్తుంది, దాని అంచు 340 దాకా వచ్చి రీడింగును పెంచేస్తుంది. గోధుమ రంగు, కాటెకాల్ గాలికి క్వినోన్‌గా మారడం వల్ల వస్తుంది. పీహెచ్ 9 దాటితే ఇది మరీ వేగంగా జరుగుతుంది.

ఈ మూడింటికీ ఆక్సిజన్ కావాలి, డీహైడ్రోజినేజ్‌కు అక్కర్లేదు! అందుకే నాకు అన్నిటికంటే నచ్చిన పరీక్ష ఇది: బఫర్లో నైట్రోజన్ బుడగలు పంపి, మూత బిగించిన క్యూవెట్‌లో మళ్లీ కొలవండి. గీత వంగకుండా తిన్నగా పైకి సాగితే ఎంజైమ్ బాగానే ఉన్నట్టు. ఆ తర్వాత కణసారాన్ని (కణాలను పగలగొట్టి తీసిన ద్రవాన్ని) లక్ష జీ, అంటే గురుత్వాకర్షణకు లక్ష రెట్ల బలంతో తిప్పి కణపొరలు తొలగించండి. పసుపు పోవాలంటే మాత్రం ఎంజైమ్‌ను శుద్ధి చేయక తప్పదు.

సమస్య: బతికున్న కణాల చుట్టూ డయోల్ పేరుకుపోతోంది.
ఇక్కడ లోపం నిజంగా డీహైడ్రోజినేజ్‌దే కావచ్చు. 1970లో డేవిడ్ గిబ్సన్ బృందం వర్ణించిన 39/డి అనే ఉత్పరివర్తిత బ్యాక్టీరియా సరిగ్గా ఇలాంటిదే. డీహైడ్రోజినేజ్ జన్యువును ప్లాస్మిడ్‌పై (కణంలో విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ వలయంపై) తిరిగి అందించి చూడండి. డయోల్ తగ్గితే కారణం దొరికినట్టే.