గవర్నమెంటు ఆఫీసుకు సరుకు వేశారా? బిల్లు త్వరగా పడాలంటే

మాది విజయవాడ ఆటోనగర్‌లో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు. ఇనుప ర్యాకులు, బీరువాలు, ప్యానెల్ బాక్సులు చేస్తాం. చాలా ఏళ్లుగా ప్రభుత్వ ఆఫీసులకు, కార్పొరేషన్లకు వేస్తున్నాం కాబట్టి మా ఇంట్లో "బిల్లు పడిందా?" అనేది "అన్నం తిన్నావా?" అన్నంత మామూలు ప్రశ్న. కొత్తగా ఈ లైనులోకి వచ్చిన కుర్రాళ్లు నన్ను అడిగేది కూడా ఇదే, బిల్లు తొందరగా పడాలంటే ఎవర్ని పట్టుకోవాలి అని. ఎవర్నీ పట్టుకోవద్దు, ముందు కాగితం పట్టుకోండి అంటాను. సరుకు దింపిన రోజు మీ చేతికి ఏ కాగితం వచ్చిందో, దాన్ని బట్టే సగం కథ తేలిపోతుంది.

నాకు తెలిసొచ్చింది ఎలాగో చెప్తా. ఒక ఆఫీసుకు 60 ర్యాకులు. టాటా ఏస్‌లో మూడు ట్రిప్పులు వేసి దింపాం. స్టోరు చూసే ఆయన భోజనానికి వెళ్లాడు, మా డ్రైవరుకేమో ఇంకో లోడు ఉంది. వరండాలో ఉన్న అటెండరు చలానా మీద ఓ గీత గీశాడు. పేరు లేదు, తేదీ లేదు, సీలు లేదు. నాలుగు నెలల తర్వాత వెళ్తే సీట్లో కొత్త క్లర్కు. "ఇవి ఎప్పుడొచ్చాయండీ? మా స్టాకు రిజిస్టర్లో లేవే" అన్నాడు. ఆయన కుర్చీ వెనకే మా ర్యాకు ఉంది, దాని మీద మా స్టిక్కరు కూడా ఉంది, ఆయన ఫైళ్లు దాంట్లోనే పెట్టుకున్నాడు. అయినా ఆయన తప్పేం లేదు, రిజిస్టర్లో లేని సరుక్కి ఆయన బిల్లు ఎలా రాస్తాడు?

అందుకే ఇప్పుడు మా డ్రైవరుకు ఒకటే రూలు. చలానా రెండు కాపీల మీదా తీసుకున్నవారి పేరు, హోదా, తేదీ, ఆఫీసు సీలు పడేదాకా బండి కదలకూడదు. తేదీ వాళ్ల చేతిరాతతోనే వేయించాలి. అక్కడితో అయిపోలేదు. రెండు మూడు రోజుల్లో మీరే స్వయంగా వెళ్లి స్టాకు రిజిస్టర్లో ఎక్కించారా, ఏ పేజీలో ఎక్కించారు అని అడిగి ఆ పేజీ నంబరు రాసుకోండి. బిల్లు వెనకాల "సరుకు మంచి స్థితిలో అందింది, స్టాకు రిజిస్టరు ఫలానా పేజీలో నమోదైంది" అని ఆఫీసరు రాసిస్తేనే అది బిల్లు, లేకపోతే ఉత్త కాగితమే. ఇన్‌వాయిస్ ఇచ్చేటప్పుడు కూడా టేబుల్ మీద పెట్టి వచ్చేయకండి, ఇన్‌వర్డ్‌లో (వచ్చిన కాగితాలు నమోదు చేసే సీటులో) ఇచ్చి మీ కాపీ మీద నంబరు, తేదీ వేయించుకోండి. అడిగితే మొహం చిట్లిస్తారు, చిట్లించనివ్వండి.

ఇంత పట్టుబట్టేది ఎందుకంటే ఆ తేదీ నుంచే చట్టం గడియారం తిరగడం మొదలవుతుంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు కొన్నవాళ్లు, అది ప్రభుత్వ శాఖైనా సరే, రాతపూర్వకంగా ఒప్పుకున్న గడువులో డబ్బు ఇవ్వాలి, ఆ గడువు ఎట్టి పరిస్థితుల్లోనూ 45 రోజులు దాటకూడదు. రాతకోతలు ఏమీ లేకపోతే 15 రోజులే. ఈ రోజులు లెక్కపెట్టేది సరుకు "ఒప్పుకున్న" తేదీ నుంచి. దింపిన 15 రోజుల్లోగా ఇందులో ఫలానా లోపం ఉంది అని వాళ్లు రాసివ్వకపోతే దింపిన రోజే ఒప్పుకున్నట్టు. నోటితో "పెయింటు సరిగ్గా లేదయ్యా" అంటే కుదరదు, రాసివ్వాలి. పర్చేజ్ ఆర్డర్లో 90 రోజులు అని వేసుకున్నా మీ విషయంలో అది 45 దగ్గరే ఆగుతుంది. దాటితే నెలనెలా చక్రవడ్డీ, రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు. బ్యాంకు రేటు 6 శాతం అనుకోండి, 3 లక్షల మీద ఏడాదికి 58 వేల పైచిలుకు వడ్డీ తేలుతుంది.

కానీ ఇదంతా మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా కేంద్రం దగ్గర నమోదు, ఉంటేనే. అది ఆన్‌లైన్‌లో ఉచితం, మధ్యవర్తికి రెండు వేలు ఇవ్వాల్సిన అవసరం లేదు. ఆర్డరు చేతికి రాకముందే చేయించుకోండి, ఆర్డరు తర్వాత చేయించుకున్నవాళ్లు వడ్డీ దగ్గరికి వచ్చేసరికి కోర్టుల్లో చాలా అవస్థ పడ్డారు. ఇంకో మెలిక, బెసెంట్ రోడ్డులో కొట్టు పెట్టి కొని అమ్మే వ్యాపారులకు ఉద్యమ్ నంబరు వస్తుంది గానీ అది బ్యాంకు లోను వరకే, ఈ 45 రోజుల రక్షణ వాళ్లకు వర్తించదు. రోడ్డు, బిల్డింగు లాంటి వర్క్స్ కాంట్రాక్టుల మీద కూడా వివాదం ఉంది కాబట్టి ఆ లైనులో ఉన్నవాళ్లు వకీలును అడక్కుండా ఈ చట్టం మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇప్పుడు అసలు సంగతి, బిల్లు ఎక్కడ ఆగింది? "గవర్నమెంటులో డబ్బుల్లేవంట" అని అందరూ ఒకే పాట పాడతారు, అది నిజమయ్యే రోజులూ ఉంటాయి, కానీ నేను చూసినంతలో చాలా బిల్లులు అసలు ఆఫీసు గడపే దాటవు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 నుంచి బిల్లులన్నీ సీఎఫ్ఎంఎస్‌లో, అంటే రాష్ట్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థలో, పోతున్నాయి. ముందు ఆఫీసులో తయారవ్వాలి, డీడీఓ (ఆ ఆఫీసు తరఫున బిల్లుల మీద సంతకం పెట్టే అధికారి) సబ్మిట్ చేయాలి, అక్కడి నుంచి ట్రెజరీకో, పనుల బిల్లయితే పే అండ్ అకౌంట్స్ ఆఫీసుకో వెళ్లాలి, వాళ్లు చూసి పాస్ చేస్తే అప్పుడు ఫండ్స్ ఉన్నప్పుడు మీ ఖాతాలో పడుతుంది. కాబట్టి క్లర్కును "బిల్లు పెట్టారా సార్?" అని అడగొద్దు. "పెట్టామండీ" అనే జవాబుకు అర్థం ఏమీ ఉండదు. "సీఎఫ్ఎంఎస్ బిల్లు నంబరు ఎంత సార్?" అని అడగండి. నంబరు చెప్పలేకపోతే బిల్లు ఇంకా ఆఫీసులోనే ఉంది, మీరు ట్రెజరీ చుట్టూ తిరగడం పెట్రోలు దండగ. నంబరు ఉంటే దాని స్టేటస్ చూసుకోవచ్చు, ట్రెజరీలో అబ్జెక్షన్ పెట్టి వెనక్కి పంపారా, పాసై డబ్బు కోసం ఎదురుచూస్తోందా అన్నది తెలుస్తుంది. వెనక్కి వస్తే ఆ కారణం రాసుకుని మళ్లీ ఆఫీసుకే పరుగు. పాసై ఆగితే మాత్రం సెక్షన్లో ఎంత బతిమాలినా లాభం లేదు, అది వాళ్ల చేతిలో ఉండదు.

వెనక్కి రావడానికి కారణాలు వింటే నవ్వొస్తుంది, మన డబ్బు కాకపోతే. బ్యాంకు ఖాతాలో "ఎంటర్‌ప్రైజెస్" అని, జీఎస్టీలో "ఎంటర్‌ప్రైజ్" అని ఉన్నందుకు మా వీధిలోనే ఒకాయనకు రెండు నెలలు పోయాయి. కొటేషన్, ఆర్డరు, చలానా, ఇన్‌వాయిస్, బ్యాంకు పాసుబుక్కు, పాన్, అన్నింటి మీదా పేరు అక్షరం పొల్లు పోకుండా ఒకేలా ఉందో లేదో ఆర్డరు రాకముందే ఒక సాయంత్రం కూర్చుని చూసుకోండి. రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం పెట్టిన రసీదు అడుగుతారు కొన్ని చోట్ల, నాలుగు స్టాంపులు పర్సులో పెట్టుకుని తిరగండి.

కరెంటు సంస్థల సంగతి వేరు. ఏపీసీపీడీసీఎల్, ట్రాన్స్‌కో, జెన్‌కో, ఇవన్నీ కంపెనీలు కాబట్టి మీ బిల్లు వాళ్ల సొంత అకౌంట్స్ విభాగం నుంచే పోతుంది. అక్కడ పేచీ సరుకు దిగిన రోజు కంటే ముందే, ఇన్‌స్పెక్షన్, టెస్టు రిపోర్టుల దగ్గర వస్తుంది, అవి లేకుండా సరుకు దింపితే అది స్టోరులో అనాథలా పడి ఉంటుంది. కరెంటు తయారుచేసి అమ్మే పెద్ద కంపెనీలకు బకాయి పడితే డిస్కం (మనకు కరెంటు పంచే సంస్థ) మీద ఆంక్షలు పెట్టించే రూల్స్ 2022లో కేంద్రం తెచ్చింది, బకాయిల్ని వాయిదాల్లో కట్టించింది కూడా. బాక్సులు చేసే మనకు అలా నొక్కడానికి స్విచ్ లేదు, మనకున్నది ఆ 45 రోజుల గడియారమే. కేంద్ర ప్రభుత్వ సంస్థలు, టర్నోవరు 250 కోట్లు దాటిన కంపెనీలు అయితే ట్రెడ్స్‌లో, అంటే చిన్న సంస్థల ఇన్‌వాయిస్‌ల మీద బ్యాంకులు ముందే డబ్బిచ్చే ఆన్‌లైన్ వేదికలో, నమోదు కావాలి, అందులో మీ ఇన్‌వాయిస్‌ను వాళ్లు ఒప్పుకుంటే బ్యాంకు వడ్డీ కోసుకుని ముందే డబ్బిస్తుంది. ఆర్డరు తీసుకునేటప్పుడే మీరు ట్రెడ్స్‌లో ఉన్నారా అని అడగండి. ప్రభుత్వ ఆఫీసులు ఆన్‌లైన్‌లో కొనే జెమ్ పోర్టల్లో అమ్మేవాళ్లకు సరుకు ఒప్పుకున్నట్టు సర్టిఫికెట్ వచ్చాక 10 రోజుల్లో డబ్బు రావాలని నియమం ఉంది, కాబట్టి మీ తాపత్రయమంతా ఆ సర్టిఫికెట్ మీదే పెట్టండి.

జీఎస్టీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, మనల్ని నిజంగా ముంచేది ఇదే. 4 లక్షల ర్యాకులు వేశారు, 18 శాతం అంటే 72 వేలు. ఆఫీసు డబ్బిచ్చినా ఇవ్వకపోయినా మరుసటి నెల 20లోగా (నెలవారీ రిటర్ను వేసేవాళ్లయితే) ఇన్‌పుట్ (ఇనుము కొన్నప్పుడు మీరు కట్టిన జీఎస్టీ) పోను మిగతాది మీ జేబులోంచి కట్టాల్సిందే. మా ఆడిటరు చెప్పిన చిన్న చిట్కా ఒకటుంది, సరుకు 30వ తారీఖున సిద్ధమైతే, ఆర్డరు గడువు ఉంటే, మర్నాడు ఒకటిన పంపించి ఆ రోజే ఇన్‌వాయిస్ కొట్టండి. ట్యాక్సు కట్టడానికి ఇంకో నెల దొరుకుతుంది. ఇంకోటి, ఇనుము తెచ్చిన షాపాయనకు మీరు 180 రోజుల్లో డబ్బివ్వకపోతే ఆ ఇన్‌పుట్ వెనక్కి కట్టాలి, అంటే ఆఫీసు ఆలస్యానికి మీరు రెండుసార్లు కడతారు. డబ్బు పడ్డాక కూడా లెక్క చూసుకోండి. కాంట్రాక్టు విలువ 2.5 లక్షలు దాటితే 2 శాతం జీఎస్టీ టీడీఎస్, అంటే మీ పేరున ముందే పట్టుకునే పన్ను, కోస్తారు, పై లెక్కలో 8 వేలు. అది ఎవరూ తినేయలేదు, పోర్టల్లోకి వెళ్లి యాక్సెప్ట్ నొక్కితే జీఎస్టీ పోర్టల్లోని మీ క్యాష్ లెడ్జర్లోకి వస్తుంది. నొక్కక అలాగే వదిలేసినవాళ్లు మా యూనియన్లో ఇప్పటికీ ఉన్నారు.

ఫిబ్రవరి, మార్చిలో వచ్చే ఆర్డరును చూసి మురిసిపోకండి. బడ్జెట్ మురిగిపోతుందని ఆఫీసులు గబగబా కొంటాయి, మార్చి 31లోగా డబ్బు పడకపోతే బిల్లు కాస్తా ల్యాప్స్ అయి కొత్త సంవత్సరం బడ్జెట్‌లో మళ్లీ మొదటి నుంచి పెట్టాలి. మార్చి మొదటి వారంలోపు సరుకు దింపగలిగితేనే ఒప్పుకుంటాను నేను. లేదంటే "ఏప్రిల్లో వేస్తాను సార్" అంటాను, ఒక్కోసారి ఆర్డరు పోతుంది, పోనివ్వండి.

45 రోజులు దాటాక ఏం చేయాలి? పోట్లాట మొదలుపెట్టకండి. ముందు ఒక ఉత్తరం, మర్యాదగా, ఆర్డరు నంబరు, చలానా తేదీ, ఇన్‌వర్డ్ నంబరు, మొత్తం, మీ ఉద్యమ్ నంబరు, "2006 చట్టం 15, 16 సెక్షన్ల ప్రకారం" అనే ఒక్క వాక్యం. డీడీఓ పేరు మీద స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. నా బిల్లులు రెండు ఆ ఒక్క వాక్యానికే కదిలాయి, ఎందుకంటే వడ్డీ పడితే ఆడిట్‌లో సమాధానం చెప్పుకోవాల్సింది ఆ కుర్చీలో ఉన్నవాళ్లే. ఫైలు ఎక్కడుందో తెలియకపోతే ఆర్టీఐ, జిల్లా ఆఫీసుకైతే 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. కానీ అందులో "ఎందుకు ఇవ్వలేదు" అని అడిగితే "పరిశీలనలో ఉంది" అని రాస్తారు. బిల్లు నంబరు, ట్రెజరీకి పంపిన తేదీ, వెనక్కి వచ్చిన తేదీ, అబ్జెక్షన్ కాపీ, స్టాకు రిజిస్టరు పేజీ జిరాక్సు, ఇలా కాగితాలు అడగండి. కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ ఆఫీసులోనే ఆగిన బిల్లుకు పనికొస్తుంది, ఫండ్స్ లేక ఆగినదానికి పెద్దగా పనికిరాదు.

ఆ తర్వాతే ఇలాంటి బకాయిల మీద ఫిర్యాదులు తీసుకునే కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్, నేను వేసినప్పుడు దాని పేరు సమాధాన్. ఆర్డరు, ఇన్‌వాయిస్, చలానా ఎక్కించి ఫిర్యాదు చేస్తే ముందు కొనుగోలుదారుకు నోటీసు పోతుంది, అక్కడ తేలకపోతే ఈ చట్టం కింద ఇలాంటి తగాదాలు తీర్చే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్ ముందుకు కేసు వెళ్తుంది. ముందు రాజీ, కుదరకపోతే ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి తీర్పు). 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది, చట్టంలో ఉన్నంత వేగంగా బయట జరగదు. కానీ మీ వైపు అవార్డు (ఆ తీర్పు) వచ్చాక వాళ్లు దాన్ని కోర్టులో సవాలు చేయాలంటే 75 శాతం డిపాజిట్ కట్టాలి, అదే అసలు బలం. రేపు మళ్లీ ఆర్డరు కావాల్సిన ఆఫీసు మీద కేసు వేయాలా అనే మీమాంస అందరికీ ఉంటుంది. నా మటుకు రెండు లక్షల లోపైతే ఉత్తరాలతోనే తేల్చుకుంటాను, పైనైతే ఆరు నెలలు చూసి వేసేస్తాను. మూడేళ్లు మాత్రం దాటనివ్వకండి, బాకీకి కాలదోషం పడుతుంది.

అన్నింటికన్నా ముందు కొటేషన్లోనే ఆలస్యాన్ని లెక్కేసుకోండి. బయట రెండ్రూపాయల వడ్డీకి తెచ్చి ఇనుము కొంటే 4 లక్షల మీద నెలకు 8 వేలు, ఆరు నెలలకు 48 వేలు. పది శాతం లాభానికి రేటు కోట్ చేసిన మనిషికి ఇందులో మిగిలింది ఏముంది? పక్కవాడు తక్కువకు వేశాడని మీరూ దిగకండి, వాడు ఆరో నెల ఎక్కడుంటాడో చూడండి.

ఇంతకీ ఆ 60 ర్యాకుల బిల్లు. లెక్కపెట్టి మళ్లీ రిజిస్టర్లో ఎక్కించి, బిల్లు తిరిగి రాయించేసరికి పద్నాలుగు నెలలు పట్టింది. సమాధాన్‌లో వేశాక పిలిచి, అసలు ఇచ్చేస్తాం, వడ్డీ అడగనని రాసివ్వండి అన్నారు. రాసిచ్చాను. తప్పో ఒప్పో, ఆ రోజు నాకు ఇనుప షాపాయన ఫోన్లే టెన్షన్. కాకపోతే ఆ కాగితం జేబులోనే పెట్టుకుని వాళ్ల వరండాలో కూర్చున్నాను, ఫోన్లో బ్యాంకు మెసేజ్ మోగాకే లోపలికెళ్లి ఇచ్చాను. మీకూ అలాంటి కాగితం అడిగితే ఈ వరస మాత్రం తప్పకండి.