సంక్రాంతికి ఊరెళ్లే ముందు: మూత్రాశయం నొప్పి ఉన్నవాళ్లకు కొన్ని జాగ్రత్తలు

హైదరాబాద్-విజయవాడ దారిలో పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు బారులు తీరిన ఫొటో ఏటా జనవరిలో పేపర్లో వస్తుంది. అందరికీ అందులో ట్రాఫిక్ కనిపిస్తుంది. నాకు మాత్రం ఆ బండ్లలో కాళ్లు దగ్గరికి పెట్టుకుని, పళ్లు బిగించి కూర్చున్న ఆడవాళ్లు కనిపిస్తారు. కొన్నేళ్ల కిందట నేనూ ఆ బారులో ఉన్నాను. హైదరాబాద్ నుంచి రావులపాలెం వెళ్లే రాత్రి బస్సు, కిటికీ పక్క సీటు. దిగాలంటే పక్కన గురక పెడుతున్న పెద్దావిణ్ణి లేపాలి. నిజానికి అప్పటికి నాకు ఒంటేలు రావడమే లేదు. వస్తే ఎలా అన్న ఆలోచన ఒక్కటే. ఆ ఆలోచనకే కింద కండరాలన్నీ బిగుసుకుపోయాయి. ఊరు చేరాక భోగి, సంక్రాంతి, కనుమ మూడూ వేడినీళ్ల సంచితో మంచం మీదే గడిచాయి.

అందుకే ఈ జాగ్రత్తల్లో ఎక్కువ భాగం మూత్రాశయం గురించి కాదు, ఆ భయం గురించి. దారిలో ఎక్కడ ఆగుతామో, ఎవరికి చెప్పుకోవాలో ముందే తేలిపోతే సగం బిగుతు మొదలే కాదు. "రిలాక్స్ అవ్వు" అంటే అయిపోయే పని కాదిది. బిగపడుతున్నామని మనకే తెలియదు మరి.

ముందు జబ్బు సంగతి. పొత్తికడుపులో నొప్పి లేదా బరువు, మూత్రాశయం నిండేకొద్దీ అది పెరగడం, వెళ్లొస్తే కాసేపు తెరిపి, మళ్లీ గంటకే పరుగు. ఇలా ఆరు వారాలు దాటి, పరీక్షల్లో ఇన్ఫెక్షన్ గానీ ఇంకో కారణం గానీ బయటపడకపోతే డాక్టర్లు దాన్ని బ్లాడర్ పెయిన్ సిండ్రోమ్ అంటారు, ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ అని కూడా రాస్తారు. ఆ పేరు నా చీటీ మీదికి రాకముందు నాలుగు కోర్సులు యాంటీబయాటిక్స్ మింగాను. మూత్రంలో క్రిములున్నాయేమో చూసే కల్చర్ పరీక్షలో ఒక్కసారీ క్రిమి పెరగలేదు. అయినా మింగాను, మంట అంటే ఇన్ఫెక్షనే అనుకుని. మగవాళ్లలోనూ ఇలాంటి నొప్పి ఉంటుంది. దాన్ని చాలాసార్లు ప్రోస్టేట్ ఖాతాలో రాసేస్తారు.

దీనికి తోడు చాలామందిలో పెల్విక్ ఫ్లోర్ కండరాలు బిగుసుకుని ఉంటాయి. ముందువైపు ఎముక నుంచి వెనక తోకెముక దాకా ఉయ్యాల కట్టినట్టు ఉంటాయవి. మూత్రాశయం నిండుతుంటే బిగుసుకోవాలి, వెళ్లేటప్పుడు వదులవ్వాలి. మూత్రం విషయంలో వాటి డ్యూటీ అంతే. నొప్పి వస్తే కాపలాకి మరింత బిగుసుకుంటాయి, ఆ బిగుతుకి నొప్పి ఇంకా పెరుగుతుంది. మాలాంటి వాళ్లకి ఈ అలవాటు బడిలోనే మొదలైంది. ఆడపిల్లల బాత్రూంకి తలుపు లేని స్కూల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా బిగపట్టుకోవడం కూడా ఒక చదువే.

నేను బిగపడుతున్నానని నాకు మొదటిసారి తెలిసింది కుక్కర్ దగ్గర. పప్పుకి మూడో విజిల్ కోసం నిలబడ్డాను. చూస్తే పొట్ట లోపలికి పీల్చి ఉంది, పిరుదులు గట్టిపడ్డాయి, కాలివేళ్లు చెప్పుల్ని పట్టుకుని ఉన్నాయి. విజిల్‌కి, నా పొట్టకి ఏం సంబంధం? అప్పటి నుంచి విజిల్ వచ్చినప్పుడల్లా దవడ, భుజాలు, పొట్ట, పిరుదులు, కాలివేళ్లు, ఇదే వరసలో చూసుకుంటాను. దవడ వదిలితే కింద కూడా కొంత వదులుతుంది, చేసి చూడండి. కుక్కర్ పెట్టని వాళ్లు ఫోన్ మోగినప్పుడు, సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడినప్పుడు చూసుకోవచ్చు. ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందే ఇది మొదలుపెట్టాలి. బస్సులో కూర్చున్నాక కొత్తగా నేర్చుకునేది కాదు.

పడుకునే ముందు ఐదు నిమిషాల ఊపిరి సాధన ఒకటి. వెల్లకిలా పడుకుని మోకాళ్ల కింద దిండు, పొట్ట మీద చెయ్యి. ఊపిరి పీలిస్తే పొట్ట పైకి లేవాలి, అదే సమయంలో కింద కండరం మెల్లగా దిగాలి. దిగడం అంటే ఏమిటో నాకు చాన్నాళ్లు అర్థం కాలేదు. చివరికి ఫిజియోథెరపిస్ట్ నవ్వుతూ, "గ్యాస్ పోయే ముందు ఎలా వదులుతారమ్మా, అలాగే" అంది. అంతే, అర్థమైపోయింది. ముక్కకూడదు, కిందికి తొయ్యకూడదు. ఊపిరి వదిలేటప్పుడు ఏమీ చెయ్యనక్కర్లేదు. దీనితో పాటు బాలాసనం (మడమల మీద కూర్చుని ముందుకు వంగి నుదురు నేలకి ఆనించడం), మోకాళ్లు సహకరిస్తే గొంతుకూర్చోవడం. ఏది చేసినా నొప్పి పెరిగితే ఆపేయండి.

కింద కండరాలను పదేపదే బిగించి వదిలే కీగెల్ వ్యాయామాల జోలికి మాత్రం వెళ్లకండి. "కింద కండరాలకి ఎక్సర్‌సైజ్" అనగానే వదినలు, ఫోన్ వీడియోలు చెప్పేది అవే. కాన్పు తర్వాత వదులైన కండరాలను గట్టిపరచడానికి ఆర్నాల్డ్ కీగెల్ అనే అమెరికన్ డాక్టరు 1948లో ప్రచురించిన పద్ధతి అది. మనవి ముందే బిగిసి ఉన్నాయి. వాటినింకా బిగిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? ఈ నొప్పి ఉన్నవాళ్లు ఆ వ్యాయామాలు మానాలని అమెరికన్ యూరాలజీ వాళ్ల మార్గదర్శకాల్లోనే ఉంది. మనకు పనికొచ్చేది బిగిసిన చోట్లను చేత్తో వదులుచేసే ఫిజియోథెరపీ. 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో ఈ నొప్పి ఉన్న 81 మంది ఆడవాళ్లను రెండు గుంపులు చేశారు. ఈ థెరపీ తీసుకున్నవాళ్లలో 59 శాతం మందికి గుణం కనిపించింది, మామూలు ఒళ్లు మసాజ్ చేయించుకున్నవాళ్లలో 26 శాతం మందికి. పరీక్ష, చికిత్స లోపలి నుంచి కూడా ఉండొచ్చు, కాబట్టి ముందే వివరంగా అడగండి. ఆడ థెరపిస్ట్ కావాలనడం మీ హక్కు, వద్దు అంటే అక్కడితో ఆపేయాలి. ఇంకో మాట: థెరపీ అయ్యాక ఒకటి రెండు రోజులు సలుపు ఉండొచ్చు. అపాయింట్‌మెంట్ డిసెంబర్లో పెట్టుకోండి, బస్సెక్కే ముందురోజు కాదు.

టికెట్ విషయానికొస్తే, నేను ఇప్పుడు బస్సు మానేసి రాజమండ్రి దాకా రైల్లోనే వెళ్తున్నాను. బాత్రూం ఎలా ఉంటుందన్నది తర్వాత, ఉందన్న ధైర్యం వేరు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, కాబట్టి నవంబర్ రెండో వారంలోనే కాసుకుని కూర్చోవాలి. బస్సు తప్పకపోతే నడవా పక్క సీటు తీసుకోండి, ఎక్కగానే డ్రైవరుకి ఒక్కమాట చెప్పండి. "అన్నా, ఆరోగ్యం బాగోదు, గంటన్నరకోసారి ఆపాలి" అంటే కాదన్నవాళ్లు నాకింతవరకు తగల్లేదు. చెప్పకుండా లోపల నలిగిపోయిన రాత్రులే ఎక్కువ. సొంత కారైతే విజయవాడ దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్లు, మధ్యలో సూర్యాపేట హోటళ్లు ఉన్నాయి. పెట్రోల్ బంకుల్లో బాత్రూం ఉచితంగా వాడుకోనివ్వాలన్నది నిబంధనే, మొహమాటపడకండి. అయితే "మళ్లీ దొరుకుతుందో లేదో" అని ప్రతి బంకు దగ్గరా దిగకండి. ప్రయాణంలో ఒకటి రెండుసార్లు ఫర్లేదు గానీ, రోజూ అదే పనైతే మూత్రాశయం కొంచెం నిండగానే గోల చెయ్యడం నేర్చుకుంటుంది.

అక్కడికెళ్లాక చేసే తప్పు ఒకటుంది. కమోడ్ మురికిగా ఉందని తగలకుండా గాల్లో సగం వంగి నిలబడతాం. తొడలూ పిరుదులూ బరువు మోస్తుంటే పెల్విక్ ఫ్లోర్ ఎలా వదులుతుంది? సగమే పోసి వచ్చేస్తాం, సీట్లో కూర్చోగానే మళ్లీ వస్తుంది. మన పాత పద్ధతి బాత్రూం ఉంటే అందులో పూర్తిగా గొంతుకూర్చోండి. కమోడే దిక్కయితే తుడిచి, పేపర్ పరిచి కూర్చోండి. ముక్కి తొందరపెట్టకండి. బయట ఎవరు తలుపు కొట్టినా రెండు ఊపిర్లు తీసుకునే టైమ్ మీదే.

నీళ్లు తాగడం మానేసి బస్సెక్కేవాళ్లకి ఒక దండం. నేనూ చేశాను. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మంట ఇంకా పెరుగుతుంది. ఒకేసారి లీటరు దించకుండా గుక్కెడు గుక్కెడు తాగండి. మలబద్ధకం కూడా ఈ కండరాల మీదే భారం వేస్తుంది. ఈ నొప్పికి డాక్టర్లు రాసే అమిట్రిప్టిలిన్ లాంటి మందు వాడేవాళ్లకి అది మరీ ఎక్కువ. కాబట్టి నాలుగు రోజుల ముందు నుంచే కూర, పండు సరిగ్గా తినాలి. పండగ హడావుడిలో మందు మాత్రం మానొద్దు.

బట్టలు. టైట్ జీన్స్ సంగతి అందరూ చెప్తారు, చీర లంగా బొందు సంగతి ఎవరూ చెప్పరు. నడుం మీద బొందు గీత పడేలా బిగిస్తే ఊపిరికి పొట్ట ఎలా కదులుతుంది? పట్టుచీర జారుతుందని రోజంతా అలాగే ఉంటాం. బొందు బదులు వెడల్పాటి ఎలాస్టిక్ కుట్టించుకున్నాను, చీర ఇంతవరకు జారలేదు.

ఇక ఊళ్లో అసలు పరీక్ష తిండి. చింతపండు పులిహోర, గోంగూర, ఆవకాయ, టమాటా పచ్చడి, కాఫీ, టీ, కూల్‌డ్రింకులు: చాలామందికి వీటిలో కొన్ని పడవు. ఏవి పడవో ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. పండక్కి ముందే రెండు వారాలు అన్నీ ఆపి, ఒక్కోటి కలుపుకుంటూ చూడండి. నాకు టీ, చింతపండు శత్రువులు, అరిసెలు మాత్రం ఎన్నైనా ఏమీ చెయ్యవు, దేవుడి దయ. మంట అనగానే "వేడి చేసిందే తల్లీ" అని నిమ్మకాయ నీళ్లు కలిపి తెస్తారు. పులుపు మాలో చాలామందికి మంటను ఎగదోస్తుంది. బార్లీ నీళ్లు అడగండి. ఇంటింటికీ టీ గ్లాసు తప్పదు కదా, దానికి నా జవాబు ఒక్కటే: "డాక్టరు మానమన్నారు పిన్నీ, ఉంటే గ్లాసు పాలివ్వండి." కారణం చెప్పబోతే ఆరుగురు ఆరు మందులు చెప్తారు. ఇంట్లో ఒక్కరికి మాత్రం, అత్తయ్యకో వదినకో, విషయం పూర్తిగా చెప్పి ఉంచండి.

భోగి తెల్లవారుజామున చలికి ఒళ్లు ముడుచుకుంటే లోపలి కండరాలూ ముడుచుకుంటాయి. తలంటు అయ్యాక తడి జుట్టుతో ముగ్గు మీద గంటసేపు వంగొద్దు. చిన్న ముగ్గు చాలు, రథం ముగ్గు పిల్లలు వేస్తారు.

ఇంత చేసినా నొప్పి తిరగబెడితే గుడ్డ చుట్టిన వేడినీళ్ల సంచి పదిహేను ఇరవై నిమిషాలు పొత్తికడుపు మీదో తొడల మధ్యో పెట్టుకోండి. కొందరికి చల్లటిదే హాయి. నేల మీద పడుకుని పిక్కలు మంచం మీదికి ఎత్తి ఆ ఊపిరి సాధన చెయ్యండి. ఇలాంటప్పుడు ఏ మాత్ర వేసుకోవాలో బయల్దేరకముందే డాక్టరుతో రాయించుకోండి. మెడికల్ షాపులో యాంటీబయాటిక్ అడిగి కొనకండి. ఇన్ఫెక్షన్ అనుమానం ఉంటే ముందు మూత్రం కల్చర్‌కి ఇచ్చాకే డాక్టరు రాసిన మందు. జ్వరం, వణుకు, నడుం పక్కన నొప్పి, మూత్రంలో రక్తం, అసలు మూత్రమే రాకపోవడం, తొడల మధ్య తిమ్మిరి: వీటిలో ఏదున్నా పండగని చూడకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

తిరుగు టికెట్ సంగతి చాలామంది మర్చిపోతారు. కనుమ నాడు కాకైనా కదలదంటారు, ఆ మర్నాడు మాత్రం కాకులన్నీ ఒకేసారి హైదరాబాద్ బయల్దేరతాయి. నేను ఇంకో రెండు రోజులు ఆగి, పగటిపూట రైల్లో, నడవా పక్క సీట్లో వస్తాను. ఆఫీసులో ఆ సెలవు నవంబర్లోనే చెప్పేస్తాను.