ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లినక్స్ – నాలుగో పాఠం: ఎక్కింది గానీ కనబడదు

పోయిన పాఠంలో విండోస్ డ్రైవ్‌ని కుదించి చోటు చేసుకున్నాం, పెన్‌డ్రైవ్ పెట్టి ఉబుంటు అనే లినక్స్ ఇన్‌స్టాల్ చేశాం. అంతా పూర్తయింది, రీస్టార్ట్ చేయమంది. చేశారు. ఏమీ జరగనట్టు మళ్లీ విండోసే వచ్చి కూర్చుంది. మీలో కొందరికి ఇలాగే అయి ఉంటుంది. ఇవాళ దాని సంగతి చూద్దాం.

మా పిన్ని కొడుకుదీ ఇదే గొడవ. కడప నుంచి బెంగళూరు వచ్చి మారతహళ్లిలో పీజీలో ఉంటున్నాడు. కొత్త ల్యాప్‌టాప్ కొని నెల కూడా కాలేదు. ఆదివారం పొద్దున్నే ఫోన్. "అన్నా, మూడుసార్లు వేసినా, ఒక్కసారీ ఎక్కలేదు. ఎస్‌పీ రోడ్డులో ఒక షాపులో చూపిస్తే మదర్‌బోర్డుకే లినక్స్ పడదంటున్నారు. విండోస్‌తో సహా మొత్తం ఫార్మాట్ కొట్టేద్దామా?"

"ఏదీ ముట్టుకోవద్దురా, నేనొస్తున్నా" అని బీటీఎం నుంచి బయల్దేరాను. ట్రాఫిక్‌కి పేరుపడ్డ సిల్క్ బోర్డు ఆదివారం కూడా సిల్క్ బోర్డే.

వెళ్లగానే పెన్‌డ్రైవ్‌తో ల్యాప్‌టాప్ ఆన్ చేసి, ఇన్‌స్టాల్ జోలికి పోకుండా 'ట్రై ఉబుంటు' నొక్కాను. మీరూ అదే చేయండి. కమాండ్లు కొట్టే టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్‌బీఎల్‌కే అని టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, హైఫన్ ఎఫ్ కొట్టండి. అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాలే. డిస్క్‌లో ఏ భాగంలో ఏ ఫైల్ సిస్టమ్ ఉందో వరసగా చూపిస్తుంది. వాడి డిస్క్‌లో మొదటి నాలుగు భాగాలు విండోస్‌వి. వాటి కింద ఈఎక్స్‌టీ4 (లినక్స్ వాడే ఫైల్ సిస్టమ్) అని ఒకటి, రెండు, మూడు! వాడు వేసిన ప్రతిసారీ లినక్స్ ఎక్కింది. ఎక్కలేదనుకుని మళ్లీ విండోస్‌లోకి పోయి, ఇంకో 40 జీబీ కోసి, ఇంకోటి వేశాడు. మూడు లినక్స్‌లు లోపల బుద్ధిగా కూర్చుని ఉన్నాయి, పిలిచే నాథుడు లేక.

మీకు అక్కడ ఒక్క ఈఎక్స్‌టీ4 కనబడినా చాలు. ఇన్‌స్టాల్ ఫెయిల్ కాలేదు, మళ్లీ వేయాల్సిన పనీ లేదు.

మరి ఎవరు పిలవాలి? ఇప్పటి విండోస్ ల్యాప్‌టాప్‌లన్నిట్లో యూఈఎఫ్‌ఐ ఉంటుంది, ఆన్ చేయగానే అన్నిటికంటే ముందు లేచేది అదే. అందరం అలవాటుగా బయోస్ అంటున్నది దీన్నే. ఏది ముందు తెరవాలో మదర్‌బోర్డు మీది చిన్న మెమరీలో అది ఒక జాబితా పెట్టుకుంటుంది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ అంకుల్ నోటుబుక్కు లాంటిది. కొత్తగా అద్దెకు దిగినవాళ్ల పేరు అందులో ఉన్నా, పాతవాళ్ల పేరు పైన ఉంటే వచ్చినవాళ్లందర్నీ అంకుల్ పాత ఫ్లాట్‌కే పంపిస్తాడు. ఇక్కడ పైనున్న పేరు విండోస్ బూట్ మేనేజర్.

అసలు తలుపులు ఎక్కడుంటాయంటే, డిస్క్ మొదట్లో ఈఎఫ్‌ఐ పార్టిషన్ అని చిన్న ముక్క ఉంటుంది. ఎల్‌ఎస్‌బీఎల్‌కే చూపించిన దాంట్లో వీఫ్యాట్ అని ఉన్నది అదే. సాధారణంగా 100 ఎంబీ, కొన్ని కంపెనీల ల్యాప్‌టాప్‌లలో 260 ఎంబీ. విండోస్ ఫోల్డరూ ఉబుంటు ఫోల్డరూ పక్కపక్కన అందులోనే ఉంటాయి. దయచేసి దాన్ని మాత్రం ఫార్మాట్ చేయకండి. చేస్తే రెండూ పోతాయి. మావాడు మూడుసార్లు వేసినా అందులో ఉబుంటు ఫోల్డర్ ఒక్కటే ఉంది. ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది రాసుకుంది కాబట్టి అది చూపించేది మూడో లినక్స్‌నే.

ఇప్పుడు నోటుబుక్కు తెరుద్దాం. అదే టెర్మినల్‌లో సుడో (అడ్మిన్ హోదాతో చేయమని చెప్పే మాట), ఖాళీ, తర్వాత ఈఎఫ్‌ఐ, బూట్, ఎంజీఆర్. ఈ చివరి మూడూ మధ్యలో ఖాళీ లేకుండా ఒకే మాటగా కొట్టాలి. వాడికి వచ్చిన దాంట్లో మనకు కావలసినవి మూడే లైన్లు. బూట్ ఆర్డర్, అంటే తెరిచే వరస, 0000, 0003. కింద 0000 ఎదురుగా విండోస్ బూట్ మేనేజర్, 0003 ఎదురుగా ఉబుంటు. పేరుంది, కిందుంది. అంతే జబ్బు. మదర్‌బోర్డు తప్పేమీ లేదు.

వరస మార్చే ముందు ఒకసారి పరీక్షించండి. ల్యాప్‌టాప్ ఆన్ అవుతుండగా బూట్ మెనూ మీట నొక్కితే ఈ ఒక్కసారికి ఏది తెరవాలో అడుగుతుంది. డెల్, లెనోవోలకు ఎఫ్12, హెచ్‌పీకి ఎస్కేప్ కొట్టి ఎఫ్9, అసుస్‌కి ఎస్కేప్. ఏసర్‌లో కూడా ఎఫ్12యే గానీ ముందు బయోస్‌లోకి వెళ్లి దాన్ని ఆన్ చేసుకోవాల్సి రావచ్చు. మీట సమయానికి తగలకపోతే టెన్షన్ పడకండి, విండోస్‌లో నుంచే వెళ్లొచ్చు. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే నీలం తెర వస్తుంది. అందులో 'యూజ్ ఎ డివైజ్' అన్నచోట ఉబుంటు పేరుంటే దాన్ని నొక్కండి. ఉబుంటు తెరుచుకుంటే మీ సమస్య వరస ఒక్కటే.

ఆగండి, ఇక్కడొక గొయ్యి ఉంది. విండోస్ 11తో వచ్చిన కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ మనకు తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు. బయోస్‌లో ఏదైనా మార్చాక విండోస్ తెరిస్తే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి ఆ కీని ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి, ఆ ల్యాప్‌టాప్‌లోనే ఫైల్‌గా దాచకండి. లాకర్ తాళం లాకర్‌లోనే పెట్టినట్టవుతుంది. ఇంకోటి, వీడియోల్లో మొదటి మాటగా సెక్యూర్ బూట్ (సంతకం లేనిదాన్ని తెరవనివ్వని కాపలా) ఆఫ్ చేయమంటారు. ఉబుంటును తెరిచే బూట్‌లోడర్‌కి మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది కాబట్టి మామూలుగా ఆ అవసరం రాదు. నేనైతే అన్నీ అయ్యాకే దాని జోలికి పోతాను.

కీ చేతిలో ఉంది కదా, ఇక వరస మార్చండి. ఉబుంటులో టెర్మినల్ తెరిచి ఇందాకటి సుడో కమాండే టైప్ చేసి, ఖాళీ వదిలి, హైఫన్ ఓ, ఖాళీ, 0003 కామా 0000. కామా పక్కన ఖాళీ ఉండకూడదు. ఈ నంబర్లు మావాడివి. మీకు వేరేవి వస్తాయి, మీవే వాడండి. జాబితాలో ఇంకా పేర్లుంటే వాటి నంబర్లు కూడా చివర్లో చేర్చండి. రీస్టార్ట్ చేసి పెన్‌డ్రైవ్ తీసేశాం. ఉబుంటా, విండోసా అని అడిగే గ్రబ్ మెనూ నల్ల తెర మీద వచ్చింది. మావాడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

కొన్ని ల్యాప్‌టాప్‌లు మొండివి. మీరు మార్చిన వరసను పక్కన పెట్టి మళ్లీ విండోస్‌నే పైకి తెస్తాయి. అప్పుడు బయోస్‌లోకి వెళ్లి బూట్ పేజీలో ఉబుంటును చేత్తో పైకి జరిపి సేవ్ చేయండి.

సాయంత్రం మళ్లీ ఫోన్. "అన్నా, విండోస్‌లో టైమ్ ఐదున్నర గంటలు వెనక పోయింది." నవ్వొచ్చింది. లినక్స్ మదర్‌బోర్డు గడియారంలో అంతర్జాతీయ సమయం రాస్తుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుని చదువుతుంది. ఉబుంటులో టైమ్‌డేట్‌సీటీఎల్, ఖాళీ, సెట్ హైఫన్ లోకల్ హైఫన్ ఆర్‌టీసీ, ఖాళీ, 1 అని కొడితే సరిపోతుంది.

నోటుబుక్కులో ఉబుంటు పేరే లేకపోతే ఏం చేయాలో, గ్రబ్ వచ్చినా అందులో విండోస్ కనబడకపోతే ఏం చేయాలో వచ్చే పాఠంలో. మావాడి దగ్గర మిగిలిపోయిన రెండు లినక్స్‌లను తీసేసి ఆ 80 జీబీని విండోస్‌కి ఎలా ఇచ్చామో కూడా అప్పుడే చెబుతాను. ఈలోగా ఎల్‌ఎస్‌బీఎల్‌కే చూపించిన దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకోండి. ఏ భాగం ఎవరిదో తెలియకుండా ఏదీ డిలీట్ చేయకండి.